పీలింగ్ షెడ్‌లో ఆడవాళ్ళకి కిలో రేటు, మగవాళ్ళకి రోజు కూలీ. అడిగితే "పని వేరు" అంటున్నారు

మొగల్తూరు_రోడ్
భీమవరం చుట్టుపక్కల ఒక రొయ్యల ప్లాంట్ సంగతి. పేరు రాయను, అడగొద్దు. లోపల తల తీసేది, పొట్టు ఒలిచేది, నరం లాగేది, గ్రేడింగ్ చేసేది అంతా ఆడవాళ్ళే. వాళ్ళకి కిలో లెక్క. ఐసు కొట్టేది, క్రేట్లు మోసేది, కోల్డ్ స్టోర్‌లో సర్దేది మగవాళ్ళు. వాళ్ళకి రోజుకింత అని కూలీ. సరుకు రాని రోజు ఆడవాళ్ళు షెడ్‌లో కూర్చుని సాయంత్రం ఉత్త చేతులతో బస్సెక్కుతున్నారు. మగవాళ్ళ కూలీ మాత్రం ఎక్కడికీ పోవట్లేదు. అడిగితే సూపర్‌వైజర్ రెండు ముక్కల్లో తేల్చేశాడట: "ఇద్దరి పనీ వేరు, సమాన వేతనం మాటే లేదు. అయినా మీరు మా మనుషులు కాదు, కాంట్రాక్టర్ మనుషులు."

ఇందులో ఎంత నిజం ఉంది? ఏ పాయింట్ పట్టుకుని అడగాలి? పాపం అనేవాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు, నాకు పనికొచ్చే మాట కావాలి.

సెక్షన్_రాణి
మొదటి ముక్క సగం నిజం. రెండోది పచ్చి అబద్ధం.

1976 సమాన వేతన చట్టంలో ఉన్న మాట "ఒకే పని లేదా అదే తరహా పని". ఇప్పుడు దాని చోట 2019 నాటి వేతనాల కోడ్ వచ్చింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. దాని 3వ సెక్షన్‌లోనూ అదే మాట. అంటే పోల్చి చూపించడానికి ఒక మగవాడు ఆ పనో, దాదాపు ఆ పనో చేస్తూ ఉండాలి. ఒలిచే బల్ల దగ్గర మగవాడే లేడు, ఎవరితో పోలుస్తారు? మన దేశం 1958లో ఒప్పుకున్న ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 100వ ఒప్పందంలో "సమాన విలువ గల పని" అని ఉంది. అలా ఉంటే రొయ్య ఒలిచే చేతి వాటాన్నీ క్రేటు మోసే భుజాన్నీ పక్కపక్కన పెట్టి విలువ కట్టొచ్చు. మన చట్టంలోకి ఆ మాట రానేలేదు. స్త్రీవాదులు ఏళ్ళ తరబడి మొత్తుకునేది ఇక్కడే. పనిని ముందే ఆడపని, మగపని అని చీల్చేస్తే ఇక ఆ చట్టానికి పట్టు దొరకదు.

అందుకని ఈ ప్లాంట్‌లో సమాన వేతనాన్ని ముందు పెట్టొద్దు. కనీస వేతనం పట్టుకోండి. కిలో లెక్కన పనిచేసేవాళ్ళకి కిలో కనీస రేటు విడిగా నిర్ణయించకుండా రోజు కనీస వేతనం మాత్రమే నిర్ణయించి ఉంటే, ఆ రోజు రేటుకి తగ్గకుండా ఇచ్చి తీరాలి. అలాగే మనిషి పనికి వచ్చి సిద్ధంగా ఉండి, యజమాని పని చూపించలేకపోతే ఆ రోజు పూర్తి పనిదినమే. కూలీ కట్ అయ్యేది ఆవిడే పని చెయ్యనంటే. "సరుకు రాలేదు" అన్నది ఆవిడ తప్పు కాదు కదా.

కాంట్రాక్టర్ మాట: కాంట్రాక్టర్ ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించాలి. 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం 21వ సెక్షన్ నుంచీ ఉన్నదే ఇది. వేతనాల కోడ్ 43వ సెక్షన్‌లోనూ ఉంది.

గట్టుమీద_గంగన్న
సరుకు రాకపోతే ఆడకూలీ కట్, సరుకు వస్తే రాత్రి పదకొండింటి దాకా ఆపుతారు. రొయ్యకి ఉన్న విలువ మనిషికి లేదాయె.

లెక్కల_మాస్టారు
కిలో రేటులోనే ఇంకో కిటుకు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. కౌంట్. చెరువు దగ్గర 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు, 100 కౌంట్ అంటే కిలోకి 100. లెక్క కోసం ఒక్కో రొయ్య ఒలవడానికి 6 సెకన్లు అనుకోండి. 30 కౌంట్ కిలో 3 నిమిషాల్లో అయిపోతుంది. 100 కౌంట్ కిలోకి 10 నిమిషాలు. ఎనిమిది గంటల్లో మొదటిది 160 కిలోలు, రెండోది 48. రెండింటికీ ఒకే కిలో రేటు ఉంటే చిన్న సరుకు వచ్చిన రోజు ఆమెకి పెద్ద సరుకు రోజున వచ్చే దాంట్లో మూడో వంతు కూడా రాదు. చేతులు మాత్రం అంతే సేపు ఐసు నీళ్ళలో ఉంటాయి.

పీలింగ్_బల్ల
మాస్టారూ, చిన్నదానికీ పెద్దదానికీ 6 సెకన్లు ఒకటే కాదండి. చిన్నది కాస్త త్వరగా అవుతుంది. నరం కూడా తియ్యాలంటే మాత్రం చిన్నదే ఎక్కువ విసిగిస్తుంది, వెన్ను చీలిస్తే మాంసం రెండు ముక్కలవుతుంది, ముక్కలైతే రిజెక్ట్. ఇంకోటి, తూకం ఎప్పుడు వేస్తున్నారో చూడాలి. ఒలవడానికి ఇచ్చిన సరుకు మీద కడుతున్నారా, ఒలిచాక వచ్చిన మాంసం మీద కడుతున్నారా? తల, పొట్టు పోయాక కిలోకి కిలో రాదు. చాలా చోట్ల రేటు మొదటి లెక్కన చెప్పి, డబ్బు రెండో లెక్కన ఇస్తారు.

లెక్కల_మాస్టారు
చిన్నదానికి 4 సెకన్లు వేసినా కిలోకి 6 నిమిషాల 40 సెకన్లు. ఇంకా రెట్టింపు పైనే. తూకం పాయింట్ మాత్రం బంగారం.

రైస్‌మిల్లు_బాబాయ్
అందరూ ఒక వైపే మాట్లాడుతున్నారు. ఎగుమతి ధర పడిపోతే ప్లాంట్ నడిపేవాడు ఎక్కడి నుంచి తెస్తాడు? రోజు కూలీ పెడితే బల్ల దగ్గర చెయ్యి నెమ్మదిస్తుంది. ఆడవాళ్ళకి రూల్స్ మీద రూల్స్ పెడితే రేపు ఒలిచే మిషన్ తెస్తారు, అప్పుడు కిలో రేటూ ఉండదు, బస్సూ ఉండదు.

సెక్షన్_రాణి
బాబాయ్ గారూ, మొదటి మాటకి సుప్రీంకోర్టు 1987లోనే జవాబు చెప్పింది. మెకినాన్ మెకంజీ కేసు. ఆడ స్టెనోగ్రాఫర్లకి మగ స్టెనోగ్రాఫర్ల కన్నా తక్కువ జీతం. కంపెనీ రెండు సాకులు చెప్పింది, "వీళ్ళ పని వేరు", "మా ఆర్థిక పరిస్థితి బాలేదు". కోర్టు రెండూ ఒప్పుకోలేదు. చిన్న చిన్న తేడాలు చూపించి పని వేరనకూడదు, డబ్బు లేకపోవడం చట్టం తప్పించుకోవడానికి కారణం కాదు అంది. కనీస వేతనం దగ్గరైతే ఇంకా కఠినం. 1982లో ఢిల్లీ ఏషియాడ్ ఆటల కోసం కట్టడాల పని చేసిన కార్మికుల కేసులో కనీస వేతనం కన్నా తక్కువకి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం కింద వెట్టితో సమానం అంది.

చెయ్యి నెమ్మదిస్తుందన్న మాట మగవాళ్ళ రోజు కూలీ దగ్గర ఎందుకు రాదో అది కూడా చెప్పండి.

రైస్‌మిల్లు_బాబాయ్
క్రేటు మోత ఆగితే లైనంతా ఆగిపోతుంది, అందుకని.

పీలింగ్_బల్ల
ఒలవడం ఆగితే ఎగుమతే ఆగిపోతుంది కదండి 😄

దాళ్వా_సార్వా
పొలంలోనూ ఇదే బాగోతం. ఊడ్పులు ఆడవాళ్ళ ముఠా, ఎకరానికి గుత్త. నారు తీసి కట్టలు మోసేది మగవాళ్ళు, కూలీ విడిగా, ఎక్కువగా. నడుం వంచి మోకాలి లోతు బురదలో రోజంతా ఉండే పని తేలికది, గట్టు మీద కట్ట మోసే పని బరువుది అని ఎవరు తూచారో మరి. గుత్తలో కనపడని సంగతి ఒకటుంది. ఎకరం గుత్త డబ్బుని ముఠాలో ఉన్న మనుషులతోనూ, పట్టిన గంటలతోనూ భాగించి చూస్తేనే తలకి కనీస వేతనం వచ్చిందో లేదో తెలుస్తుంది. నారు ముదిరితే, నీరు ఎక్కువైతే గంటలు పెరుగుతాయి, గుత్త మాత్రం పెరగదు. ప్రభుత్వం ఇచ్చే వ్యవసాయ కనీస వేతనంలో ఆడ రేటు, మగ రేటు అని రెండు ఉండవు. ఊళ్ళో మాత్రం రెండే ఉంటాయి.

నాటు మిషన్ వచ్చాక ఇంకో తమాషా. పని ఆడవాళ్ళ చేతిలోంచి పోయింది, మిషన్ మీద కూర్చున్నది మగవాడు, కూలీ పెరిగింది.

రైస్‌మిల్లు_బాబాయ్
అదే నేను చెప్పింది. మిషన్ వచ్చింది కదా.

దాళ్వా_సార్వా
బాబాయ్, ఊడ్పు కూలీ పెంచమని చట్టం ఎవరినీ ఒత్తిడి చెయ్యకముందే వచ్చింది మిషన్.

వశిష్ఠ_నీరు
పదకొండింటి దాకా ఆపడం గురించి గంగన్న రాశాడు కదా, దాని వెనక పెద్ద కథ ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ ఆడవాళ్ళతో రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా పని చేయించొద్దంది. రాష్ట్రం సడలించినా రాత్రి 10 నుంచి 5 మధ్య కుదరదంది. ఆడవాళ్ళ భద్రత కోసమట. అదే సెక్షన్ రెండో భాగంలో చేపలు ఎండబెట్టే, డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలకి మినహాయింపు ఇవ్వొచ్చని రాసుకున్నారు. ఎందుకంటే ముడి సరుకు పాడైపోతుంది కాబట్టి. ఆడవాళ్ళు ఎక్కువగా ఉండే పరిశ్రమకే మినహాయింపు! జీతం ఎక్కువుండే మగ షిఫ్టుల్లోకి ఆడవాళ్ళు రాకుండా "భద్రత" అడ్డం, చేప కుళ్ళిపోయే చోట ఆ భద్రత ఎవరికీ గుర్తు రాదు.

2000లో మద్రాసు హైకోర్టు ఆ రాత్రి నిషేధాన్ని సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది, రక్షణ ఏర్పాట్లు పెట్టి పని ఇమ్మంది. ఇప్పుడు 2020 వృత్తి భద్రతా కోడ్ 43వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళు ఏ పనైనా చెయ్యొచ్చు, సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6 లోపు అయితే ఆమె సమ్మతి కావాలి.

లంక_పిల్ల
సమ్మతి అంటే నవ్వొస్తోంది. కాంట్రాక్టర్ బస్సు సరుకు అయ్యేదాకా కదలదు. లంక గ్రామానికి రాత్రి తొమ్మిది దాటాక వేరే బస్సు లేదు, రేవు దాటాలంటే పడవా లేదు. "ఇష్టమైతే ఉండు, లేకపోతే వెళ్ళు" అంటే ఎక్కడికి వెళ్తుంది? సమ్మతి కాగితం మీద వేలిముద్ర తీసుకునేది జీతం ఇచ్చే రోజున, నెల మొత్తానికీ కలిపి.

వశిష్ఠ_నీరు
సరిగ్గా చెప్పావమ్మా. అందుకే అడగాల్సింది "రాత్రి పని వద్దు" అని కాదు. 7 గంటలకి ఒక ట్రిప్ ఖాయంగా ఉండాలి. ఉండిపోయేవాళ్ళకి రెండో ట్రిప్, అందులో ఎక్కేవాళ్ళ పేర్లు రాసిన కాగితం. అదనపు గంటలకి మామూలు రేటుకి రెండింతలు. కిలో లెక్క వాళ్ళకి ఓవర్‌టైమ్ వర్తించదని చెప్తే నమ్మొద్దు, గంటలు దాటితే వర్తిస్తుంది. మొదటి ట్రిప్ ఉన్నప్పుడే సమ్మతి అన్నదానికి అర్థం.

సెక్షన్_రాణి
ఇక్కడ నాది వేరే అభిప్రాయం. 43వ సెక్షన్‌ని విజయం అనేవాళ్ళు ఉన్నారు, నేను అనను. చేతిలో బేరమాడే బలం లేని మనిషికి నిషేధం కాస్తో కూస్తో గోడలా ఉంటుంది. సంఘం ఉన్న చోట గోడ తీసెయ్యొచ్చు. సంఘం లేని షెడ్‌లో తీసేస్తే లోపలికి వచ్చేది గాలి కాదు, మూడో షిఫ్టు.

వశిష్ఠ_నీరు
గోడ ఉన్నన్నాళ్ళూ మన షెడ్‌కి మినహాయింపే ఉందిగా రాణి గారూ. ఆ గోడ ఇంజనీరింగ్ వర్క్‌షాపుల లాంటి చోట్ల ముందు మాత్రమే నిలబడింది.

సెక్షన్_రాణి
అది మాత్రం కాదనలేను.

గట్టుమీద_గంగన్న
ఇద్దరూ కలిసి ఒక బస్సు వేయించండి చాలు.

అమలాపురం_అత్తయ్య
బాలింత సెలవు సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? కిలో లెక్క వాళ్ళకి అసలు వస్తుందా?

ఈఎస్ఐ_చీటీ
వస్తుందండి అత్తయ్య గారూ, రెండు దారులు.

ప్లాంట్‌లో పది మంది గానీ అంతకు పైగా గానీ ఉంటే ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉండాలి. నెల జీతం 21,000 లోపు వాళ్ళు అందులోకి వస్తారు. కార్మికురాలి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25. రోజు సగటు కూలీ 176 దాటకపోతే ఆమె వాటా కట్టనక్కర్లేదు, యజమాని మాత్రం కట్టాలి. కాన్పుకి ముందు రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఒకటి) కలిపి 70 రోజులకి కంట్రిబ్యూషన్ పడి ఉంటే 26 వారాలకి డబ్బు ఈఎస్ఐయే ఇస్తుంది.

ఈఎస్ఐ లేని చోట యజమానే ఇవ్వాలి. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 26 వారాలు, అందులో కాన్పుకి ముందు 8 వారాలకి మించకుండా. ఇద్దరు పిల్లలు ఉన్నాక అయితే 12 వారాలు. గర్భస్రావం అయితే 6 వారాలు. ముందు భాగం డబ్బు గర్భం ధృవీకరించే కాగితం ఇవ్వగానే, మిగతాది పుట్టిన కాగితం ఇచ్చిన 48 గంటల్లో. దినకూలీలకి కూడా వర్తిస్తుందని 2000లో ఢిల్లీ మునిసిపల్ మస్టర్ రోల్ కార్మికురాళ్ళ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

తప్పు జరిగేది ఎక్కడంటే, కాంట్రాక్టర్ ఆరు నెలలకోసారి ఫర్మ్ పేరు మార్చి, మనిషికి కొత్త ఈఎస్ఐ నంబర్ తీస్తాడు. పాత నంబర్ మీద రోజులు అక్కడే మిగిలిపోతాయి, కొత్తదాని మీద 70 నిండవు. ఒక మనిషికి జీవితాంతం ఒకటే నంబర్. కొత్తది తీస్తానంటే పాత పెహచాన్ కార్డు (ఈఎస్ఐ గుర్తింపు కార్డు) చేతిలో పెట్టి ఇదే వెయ్యమనాలి.

అమలాపురం_అత్తయ్య
యజమాని జేబులోంచి ఇవ్వాలంటే పెళ్ళైన పిల్లని అసలు పనిలో పెట్టుకోడుగా.

ఈఎస్ఐ_చీటీ
అందుకే ఈఎస్ఐ దారి మేలు. భారం అందరి మీదా పడుతుంది, ఒక యజమాని మీద కాదు. 2017లో సెలవు 12 నుంచి 26 వారాలకి పెంచినప్పుడు ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది మార్చలేదు, అదే ఆ సవరణలో పెద్ద లోపం. తండ్రికి ప్రైవేటులో చట్టబద్ధమైన సెలవే లేదు. బిడ్డ ఖర్చు ఆడమనిషిని పెట్టుకుంటేనే వస్తుందన్న లెక్క కాగితం మీద అలాగే ఉంది.

క్రెష్ (పనివేళల్లో పసిపిల్లల్ని చూసుకునే చోటు) దగ్గర మాత్రం మంచి మార్పు. పాత ఫ్యాక్టరీల చట్టంలో 30 మందికి పైగా ఆడవాళ్ళు ఉంటే క్రెష్. 30 దగ్గర లెక్క ఆపేసేవాళ్ళు. 2017 సవరణలో ఆడా మగా కలిపి 50 మంది ఉంటే పెట్టాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చు. ఆడవాళ్ళని లెక్కపెట్టి ఖర్చు వెయ్యడం మానేశారు.

పీలింగ్_బల్ల
క్రెష్ ఉంటే కోల్డ్ స్టోర్ గోడకి ఆనించి పెడతారు, అమ్మోనియా వాసన. పెట్టేటప్పుడే చోటు గురించి అడగాలి.

బల్ల దగ్గర కూర్చునే ఏర్పాటు కూడా ఇందులో రాయండి. పాత ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని రాశారు. స్టూలు ఇస్తే శుభ్రత దెబ్బతింటుందని చెప్తారు. స్టీలు స్టూలు కడగొచ్చు, అది సాకు. అసలు సమస్య బల్ల ఎత్తు. నిలబడే ఎత్తుకి చేసిన బల్ల దగ్గర మామూలు స్టూలు వేస్తే మోచేయి భుజం దాకా లేస్తుంది. కాళ్ళు ఆనించే కమ్మీ ఉన్న ఎత్తు స్టూలు కావాలి, బల్ల కింద మోకాళ్ళకి ఖాళీ కావాలి. ఇది రాయకుండా "కుర్చీలు కావాలి" అని అర్జీ పెడితే ప్లాస్టిక్ స్టూళ్ళు తెచ్చి మూల పడేస్తారు. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు చూపిస్తారు.

గ్లవ్స్ కూడా అంతే. రొయ్య తల ముల్లు గుచ్చితే పల్చటి గ్లవ్ చిరుగుతుంది, క్లోరిన్ నీళ్ళు లోపలికి పోయి వేలి సందులు తెల్లగా నాని తోలు లేచిపోతుంది. చిరిగిన గ్లవ్ వేసుకోవడం అసలు వేసుకోకపోవడం కన్నా చెడ్డది, నీళ్ళు లోపలే నిలబడతాయి. కొత్త జత అడిగితే కూలీలో కోస్తారు. భద్రత కోసం ఇచ్చే దేనికీ కార్మికుల దగ్గర డబ్బు తీసుకోకూడదని 2020 వృత్తి భద్రతా కోడ్‌లో నేరుగా రాసి ఉంది.

క్రోషా_సూది
మీ ప్లాంట్ వాళ్ళు నయం. కనీసం గోడలు, గేటు, బస్సు ఉన్నాయి, ఫలానా చోట పనిచేశాం అని చూపించొచ్చు. నర్సాపురం లేసు వాళ్ళకి అదీ లేదు. ఏజెంటు దారం తూచి ఇస్తాడు, అల్లింది తూచి తీసుకుంటాడు, తూకం తగ్గితే కోత, మైల అంటితే కోత. ఇదంతా ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చేసే పని అని పేరు. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నర్సాపురం వచ్చి చూసి రాసింది కూడా ఇదే. ప్రపంచ మార్కెట్‌కి సరుకు చేస్తున్న మనిషిని "గృహిణి" అని పిలిస్తే చాలు, కూలీ ఎంత తక్కువైనా అడిగే నాథుడు ఉండడు.

లెక్కల_మాస్టారు
బీడీ వాళ్ళూ ఇంట్లోనే కదా చుట్టేది. వాళ్ళకి పీఎఫ్ ఉందే.

క్రోషా_సూది
ఉంది. 1966లోనే బీడీ కార్మికులకి విడిగా చట్టం కూడా వచ్చింది, అందులో ఇంటి దగ్గర చుట్టేవాళ్ళని కూడా కలిపారు. 1974లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. లేసుకి అలాంటిది రాలేదు. ఇంటి పనివాళ్ళ కోసం 1996లో వచ్చిన ఐఎల్‌ఓ 177వ ఒప్పందం మీద మన దేశం సంతకమే పెట్టలేదు. 2020 సామాజిక భద్రతా కోడ్‌లో "ఇంటి ఆధారిత కార్మికులు" అని నిర్వచనం రాశారు, దారం ఎవరిదైనా సరే వర్తించేలా రాశారు, సంతోషం. కానీ అది పథకాల కోసం. కూలీ రేటు కోసం కాదు.

సెక్షన్_రాణి
సూది గారూ, పూర్తిగా దారి లేదని అనొద్దు. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు ఉంది, 1973. పీస్ రేటు దర్జీలు, రోజూ రావాలన్న నియమం లేదు, కొందరు ఇంటికి పట్టుకెళ్ళి కుట్టేవాళ్ళు. అయినా సుప్రీంకోర్టు వాళ్ళు ఉద్యోగులే అంది. కుట్టు బాలేకపోతే తిరగ్గొట్టే హక్కు యజమానికి ఉంది, అదుపు అంటే అదే అంది. ఏజెంటు మైల పేరుతో తిరగ్గొట్టిన ప్రతి చీటీ మీకు సాక్ష్యమే.

క్రోషా_సూది
చీటీ ఇస్తే కదండి! నోటి మాటే అంతా. వాట్సాప్‌లో డిజైన్ ఫోటో పంపి "ఇలా కాదు, అలా" అని వాయిస్ మెసేజ్ పెడతాడు.

సెక్షన్_రాణి
చెరపకుండా దాచండి. అదే చీటీ.

అంగన్‌వాడీ_టీచరమ్మ
మాది ఇంకో రకం. ప్రభుత్వమే యజమాని, కానీ మేం ఉద్యోగులం కాదు, మాకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. అమ్మ చేసే పనికి జీతమేంటి అన్న ధోరణి. 2023 డిసెంబరులో సమ్మెకి దిగితే 2024 జనవరిలో సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం పెట్టారు, అత్యవసర సర్వీసట. జీతం అడిగితే సేవ, సమ్మె చేస్తే అత్యవసరం. 2022లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీలకి గ్రాట్యుటీ వర్తిస్తుందని, ఆ గౌరవ వేతనం కూడా వేతనమేనని చెప్పింది, అది మాత్రం పెద్ద మలుపు.

రేవు_కాడ
కోనసీమలో చాలా ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు కువైట్ వెళ్తారు, దాని గురించి కూడా. ఇమిగ్రేషన్ చెక్ ఉన్న పాస్‌పోర్ట్ మీద ఇంటి పనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలి, ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలి. కాపాడడానికే పెట్టారు. జరిగేదేంటంటే 26 ఏళ్ళ పిల్ల విజిట్ వీసా మీద వెళ్తుంది, కాంట్రాక్ట్ ఉండదు, ఎంబసీ దగ్గర పేరుండదు. కువైట్‌లో 2015 నుంచి ఇంటి పనివాళ్ళకి చట్టం ఉంది, రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికో సెలవు. సరైన వీసా లేకుండా వెళ్ళినామె ఆ చట్టం గుమ్మం కూడా తొక్కలేదు.

వశిష్ఠ_నీరు
66వ సెక్షన్ సొంత చెల్లెలు ఇది.

మొగల్తూరు_రోడ్
కువైట్ దాకా వెళ్ళిపోయాం 😀 ప్లాంట్‌కి రండి. ఇంకో మాట. బస్సులో కాంట్రాక్టర్ మనిషి ఒకడు చేతులు వేస్తున్నాడని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఫ్యాక్టరీ వాళ్ళు "అది బయట జరిగింది" అంటున్నారు.

సెక్షన్_రాణి
బయట కాదు. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టంలో యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా పనిచేసే చోటే. కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్ళూ ఉద్యోగులే. పది మంది ఉంటే చాలు, ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. పెద్ద హోదాలో ఉన్న మహిళ అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, ఒకరు బయటి వ్యక్తి. కమిటీ పేర్లు గోడ మీద పెట్టి ఉండాలి, ముందు ఆ బోర్డు ఉందో లేదో ఫోటో తియ్యండి. లేకపోతే యజమానికి 50,000 దాకా జరిమానా.

ఫిర్యాదు రాతలో, జరిగిన మూడు నెలల్లోపు. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. తేదీ, బస్సు నంబర్, ఏ ఊరి దగ్గర, పక్కన ఎవరు కూర్చున్నారు, ఇవి రాయండి. రాయలేనివాళ్ళకి రాసిపెట్టే బాధ్యత కమిటీదే. ఫిర్యాదు యజమాని మీదే అయితే, లేదా పది మంది లేని చోట అయితే జిల్లా లోకల్ కమిటీకి ఇవ్వాలి. 90 రోజుల్లో విచారణ ముగియాలి. ఈలోగా ఆమెకి మూడు నెలల దాకా సెలవు గానీ బదిలీ గానీ అడగొచ్చు. ఆమె పేరు ఇక్కడ ఎవరూ రాయొద్దు, గ్రూపుల్లో తిప్పొద్దు. అది కూడా ఆ చట్టమే కుదరదంది.

లంక_పిల్ల
అతన్ని వేరే బస్సులోకి మార్చమని అడగాలి, ఆమెని కాదు. ఆమెని మారిస్తే చివరి ట్రిప్‌లో పడేస్తారు.

ఈఎస్ఐ_చీటీ
కూలీ కేసుకి కాగితాలు ఇప్పటి నుంచే కూడబెట్టండి. కిలో టోకెన్లు ఇచ్చిన రోజే ఫోటో, తారీకు కనపడేలా. గేటు పాసు, బస్సు పాసు. బ్యాంకులో జీతం పడితే ఎవరి పేరు మీద పడిందో ఆ మెసేజ్. పీఎఫ్ పాస్‌బుక్‌లో యజమాని పేరు ఎవరిదుందో చూడండి, కొన్నిసార్లు కాంట్రాక్టర్ కట్టాల్సింది ప్లాంట్ కోడ్ మీదే ఉంటుంది, అప్పుడు "మా మనుషులు కాదు" అన్న మాట అక్కడికక్కడే ఎగిరిపోతుంది. నియామక పత్రం ఇప్పుడు ప్రతి ఒక్కరికీ ఇవ్వాలి, అడిగినట్టు రాతలో ఉంచండి.

సెక్షన్_రాణి
వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద క్లెయిమ్ మూడేళ్ళ వెనక దాకా వెయ్యొచ్చు. ఎంతమంది ఉన్నా ఒకటే దరఖాస్తు. కార్మికురాలు వెయ్యొచ్చు, ఆమె సభ్యురాలైన రిజిస్టర్డ్ సంఘం వెయ్యొచ్చు, ఇన్‌స్పెక్టరూ వెయ్యొచ్చు. సంఘం వేస్తే ఒక్కొక్కరి పేరు ముందు పడదు, "రేపటి నుంచి రావద్దు" అనడం కష్టమవుతుంది. బాకీ మీద పది రెట్ల దాకా నష్టపరిహారం వేసే అధికారం ఆ అధికారికి ఉంది. ముఖ్యమైంది 59వ సెక్షన్, కూలీ పూర్తిగా ఇచ్చామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత యజమానిదే.

సమాన వేతనం కూడా వదలొద్దు. ప్యాకింగ్ దగ్గర, గ్రేడింగ్ మిషన్ దగ్గర మగ హెల్పర్లు ఎవరైనా ఉన్నారేమో చూడండి. ఒక్కడున్నా చాలు, అక్కడి ఆడవాళ్ళకి 3వ సెక్షన్ తెరుచుకుంటుంది. అతని కూలీ తగ్గించి సమానం చెయ్యడానికి మాత్రం వీల్లేదు, అది కూడా అందులోనే రాసి ఉంది.

రైస్‌మిల్లు_బాబాయ్
అలాంటి హెల్పర్‌ని రేపే కోల్డ్ స్టోర్‌కి మార్చేస్తారు చూడండి.

సెక్షన్_రాణి
మార్చిన తారీకు కూడా రాసుకోమనండి.

పీలింగ్_బల్ల
తూకం గురించి అడిగి వదిలేశారు. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, కాటా మీదో పక్కనో ఆ సర్టిఫికెట్ కనపడాలి. క్రేటు బరువు ఎంత తీసేస్తున్నారో చూడండి, తడి క్రేటు పొడి క్రేటు కన్నా బరువు ఎక్కువ, కొన్ని చోట్ల ఎప్పుడూ పెద్ద అంకె తీసేస్తారు. ఖాళీ క్రేటుని కాటా మీద పెట్టి, అంకె కనపడేలా ఫోటో తీస్తే పని అయిపోతుంది.

మొగల్తూరు_రోడ్
లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గర లాక్కుంటారు.

పీలింగ్_బల్ల
అయితే ఫోటో అక్కర్లేదు. ముద్ర గడువు తేదీ చదువుకుని రమ్మనండి, తూనికల శాఖకి రాసే అర్జీలో ఆ తేదీ చాలు, వాళ్ళే వచ్చి చూస్తారు. క్రేటుకి ఎంత తీస్తున్నారో టోకెన్ మీద రాయమని షిఫ్ట్ మొదట్లోనే అడగాలి, చివర్లో అడిగితే బస్సు హారన్ కొడుతూ ఉంటుంది.